ఒద్దిక నేర్పే సంగీతం – జాజ్ చిన్న బృందాలు

సంగీతంలో రెండు పద్ధతులు మనందరికీ తెలుసు. ఒకటి, ఒకరు పాడుతుంటే మిగిలినవారు పక్కవాద్యాలు వాయించడం. రెండవది, అందరూ కలిసి ఒకే పాటను ఒకే విధంగా పాడటం. ప్రతి ఉదయం మనం పాడే ప్రార్థన గీతం అలాంటిది. ఈ రెండూ కాక మూడో పద్ధతి ఒకటి ఉంది. నలుగురైదుగురు ఒకచోట చేరి, ఎవరి మాట వారు చెబుతూ, పక్కవారి మాట వింటూ, ముందుగా రాసిపెట్టుకోని సంగీతాన్ని అక్కడికక్కడే కట్టుకుంటూ పోవడం. అమెరికాలోని నల్లజాతి ప్రజలు పెంచి పోషించిన జాజ్ సంగీతంలో ఈ పద్ధతి చాలా ఎత్తుకు ఎదిగింది.

మన వార్షికోత్సవ సంచికకు ఈ విషయం ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. మనం ఒకే గదిలో పదిమందిమి ఉంటాం. ఒకే పరీక్ష రాస్తాం, ఒకే సీటు కోసం పోటీపడతాం. అందువల్ల ఒక ప్రశ్న మనల్ని ఎప్పుడూ వెంటాడుతుంది. ఒకడు పైకి రావాలంటే పక్కవాడు తగ్గాలా? ఈ ప్రశ్నకు జాజ్ చిన్న బృందాలు మాటలతో కాకుండా వాయించి సమాధానం చెప్పాయి. ఆ సమాధానం ఏమిటో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పుట్టుక

జాజ్ పుట్టిల్లు అమెరికా దక్షిణాన ఉన్న లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్ నగరం. బానిసత్వం ఉన్న రోజుల్లో ఆ ఊరి కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆదివారం నాడు బానిసలు గుమికూడి డోళ్లు వాయిస్తూ నాట్యం చేసేవారు. 1865లో బానిసత్వం రద్దయింది గాని వివక్ష పోలేదు. రైలు పెట్టెల్లో తెల్లవారికి, నల్లవారికి వేరువేరు చోట్లు ఉండాలన్న లూసియానా చట్టాన్ని 1896లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. వేరుగా ఉంచినా సమానమేనని ఆ తీర్పు చెప్పింది. బడుల విషయంలో ఆ వాదం చెల్లదని అదే కోర్టు చెప్పడానికి 1954 వరకు ఆగవలసి వచ్చింది. ఈ మధ్యకాలంలోనే జాజ్ పుట్టింది, పెరిగింది. పొలాల్లో పాడుకున్న పాటలు, చర్చి భక్తిగీతాలు, బ్లూస్ అనే దుఃఖగీతాలు, వీధి బ్యాండు మేళాలు అన్నీ దానిలో కలిశాయి.

ఇక్కడ మనవారికి సంబంధించిన ఒక సంగతి చెప్పుకోవాలి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1913 నుంచి 1916 వరకు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1946లో ఆయన నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతిని పంపమని అందులో కోరారు. డుబోయిస్ జవాబు కూడా ఇచ్చారు. ఆ డుబోయిస్ 1903లో ప్రచురించిన 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' అనే గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం బానిసల దుఃఖగీతాల గురించే ఉంది. ఒక జాతి చరిత్రను దాని పాటల్లో వెతకవచ్చునని ఆయన చూపించారు. మనం ఈ సంగీతాన్ని వినేటప్పుడు ఆ చూపు మనకు ఉపయోగపడుతుంది.

తెలుసుకోవలసిన కొన్ని మాటలు

జాజ్ చిన్న బృందంలో సాధారణంగా ముగ్గురి నుంచి ఏడుగురి వరకు ఉంటారు. ముగ్గురైతే ట్రియో, నలుగురైతే క్వార్టెట్, ఐదుగురైతే క్వింటెట్, ఆరుగురైతే సెక్స్‌టెట్ అంటారు. బృందంలో రెండు భాగాలు ఉంటాయి. ముందు వరుసలో ట్రంపెట్, శాక్సోఫోన్ వంటి ఊదే వాద్యాలు. వెనుక పియానో, బేస్, డ్రమ్స్. ఈ వెనుక ముగ్గురిని రిథమ్ సెక్షన్ అంటారు. బేస్ అంటే మనిషి ఎత్తున ఉండే పెద్ద వయొలిన్ వంటి వాద్యం. జాజ్‌లో దీనిని ఎక్కువగా కమానుతో కాక వేళ్లతో మీటుతారు.

వాయించే క్రమం తేలికగానే అర్థమవుతుంది. మొదట అందరూ కలిసి అసలు బాణీని వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరు ఆ బాణీ చట్రంలోనే తమ మనోధర్మం ప్రకారం కొత్తగా అల్లుకుంటూ వాయిస్తారు. దీన్ని సోలో అంటారు. చివర మళ్లీ అందరూ బాణీకి వస్తారు. బాణీ చట్రం చాలాసార్లు 12 లేదా 32 తాళఖండాలు ఉంటుంది. ఆ లెక్క ఎవరూ పైకి చెప్పరు. అందరి మనసులోనూ నడుస్తూ ఉంటుంది.

సోలో అనగానే మిగిలినవారికి పని లేదనుకోకూడదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. బేస్ అడుగు తప్పకుండా నడుస్తుంది. డ్రమ్స్ వాయించే వ్యక్తి సోలో వాయించేవాడి ఊపిరిని కనిపెట్టి తోడు వెళ్తాడు. పియానో వాయించేవారు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఒక మాట అందిస్తారు, అవసరం లేకపోతే చేతులు తీసేస్తారు. ఈ ఒద్దికే బృందానికి ప్రాణం. ఎంత గొప్ప వాద్యకారులైనా ఇది లేకపోతే వారిది బృందం కాదు, ఒక గుంపు మాత్రమే.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 'హాట్ ఫైవ్'

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో న్యూ ఆర్లియన్స్‌లో కడుపేద కుటుంబంలో పుట్టారు. 11 ఏళ్ల వయసులో కొత్త సంవత్సరం వేడుక రాత్రి వీధిలో తుపాకీ పేల్చాడని పోలీసులు పట్టుకుని నల్లజాతి బాలుర గృహానికి పంపారు. అది మన హాస్టల్ వంటిది కాదు, శిక్షగా పంపిన చోటు. అయితే ఆ గృహంలో ఒక బ్యాండు ఉండేది. పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు అతనికి కార్నెట్ అనే బాకా నేర్పారు. కొద్దికాలంలోనే ఆ పిల్లవాడు బ్యాండుకు నాయకుడయ్యాడు. అక్కడ కార్నెట్ చేతికి అందకపోతే జాజ్ చరిత్ర మరోలా ఉండేది.

1925 నవంబరు 12న షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్ తన పేరు మీద ఐదుగురి బృందంతో మొదటి రికార్డులు చేశారు. ఆ బృందమే హాట్ ఫైవ్. కార్నెట్ ఆర్మ్‌స్ట్రాంగ్, ట్రాంబోన్ కిడ్ ఓరీ, క్లారినెట్ జానీ డాడ్స్, బాంజో జానీ సెయింట్ సిర్, పియానో లిల్ హార్డిన్ ఆర్మ్‌స్ట్రాంగ్. లిల్ ఆయన భార్య. మరొకరి బ్యాండులో రెండవ కార్నెట్‌గా ఉండిపోతున్న భర్తను బయటికి వచ్చి సొంతంగా నిలబడమని పట్టుబట్టింది ఆమే. ఆమె చదువుకున్న పియానిస్టు, స్వరకర్త. ఒకరి ప్రతిభను మరొకరు ముందుగా గుర్తించి చెప్పడం కూడా ఒద్దికలో భాగమే.

ఆ రికార్డింగులో మైకు వాడలేదు. ఒక పెద్ద కొమ్ములోకి వాయిస్తే ఆ శబ్దం మైనం మీద గీతగా పడేది. గట్టిగా మోగే వాద్యాలు దూరంగా, మెల్లగా మోగేవి దగ్గరగా నిలబడాలి. డ్రమ్స్ లేవు. రికార్డు ఒక వైపుకు 3 నిమిషాలే పట్టేది. అంత ఇరుకులో ఐదుగురూ చోటు చేసుకున్నారు. మొదటి రోజు చేసిన 'గట్ బకెట్ బ్లూస్' వినండి. అందులో ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ, మెచ్చుకుంటూ ముందుకు తెస్తారు. నాయకుడన్నవాడు తన పేరు మీద వచ్చే మొదటి రికార్డులోనే తోటివారి పేర్లు లోకానికి వినిపించాడు.

మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'

జాజ్ రికార్డుల్లో ఎక్కువమంది విన్నవాటిలో ఇది ఒకటి. 1959 మార్చి 2, ఏప్రిల్ 22 తేదీల్లో, అంటే రెండే రోజుల్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. స్టూడియోగా మార్చిన ఒక పాత చర్చి భవనంలో ఆ పని జరిగింది. ట్రంపెట్ మైల్స్ డేవిస్, టెనర్ శాక్సోఫోన్ జాన్ కోల్ట్రేన్, ఆల్టో శాక్సోఫోన్ కానన్‌బాల్ ఆడర్లీ, పియానో బిల్ ఎవాన్స్, బేస్ పాల్ చాంబర్స్, డ్రమ్స్ జిమ్మీ కాబ్. ఒక్క బాణీకి మాత్రం వింటన్ కెల్లీ పియానో వాయించారు.

అప్పటి జాజ్‌లో స్వరసముదాయాలు క్షణక్షణం మారుతూ ఉండేవి. వాటి వెంట పరుగెత్తడమే నేర్పుగా భావించేవారు. మైల్స్ ఆ పరుగును ఆపారు. ఒకే స్వరవరుసను చాలాసేపు ఉంచి, అందులో ఎంత చెప్పగలరో చెప్పమన్నారు. ఒకే రాగంలో నిలిచి ఆలాపన చేసే పద్ధతి తెలిసిన మనకు ఇది తేలికగా అర్థమవుతుంది. బిల్ ఎవాన్స్ రికార్డు అట్ట మీద రాసిన పరిచయం ప్రకారం, మైల్స్ ఈ బాణీల రూపురేఖలను రికార్డింగుకు కొన్ని గంటల ముందే అనుకుని వాద్యకారుల ముందు పెట్టారు.

'సో వాట్' అనే మొదటి బాణీలో ఒక విశేషం ఉంది. సాధారణంగా వెనుక ఉండే బేస్ ఇక్కడ ముందుకు వచ్చి బాణీని వాయిస్తుంది. ముందుండే ట్రంపెట్, శాక్సోఫోన్లు రెండే రెండు దెబ్బలతో 'ఔను' అన్నట్లు బదులిస్తాయి. తర్వాత మైల్స్, కోల్ట్రేన్, ఆడర్లీ, ఎవాన్స్ వరుసగా సోలోలు వాయిస్తారు. మైల్స్ తక్కువ స్వరాలు వేసి మధ్యలో మౌనం ఉంచుతారు. కోల్ట్రేన్ వెతుకుతున్నట్లు స్వరాలను గుమ్మరిస్తారు. ఆడర్లీ నవ్వుతూ మాట్లాడినట్లు వాయిస్తారు. ఒకే చట్రం, మూడు స్వభావాలు. ఎవరూ మరొకరిలా వాయించడానికి ప్రయత్నించలేదు. అందుకే ఆ రికార్డు నిలిచింది.

'బ్లూ ఇన్ గ్రీన్' బాణీలో ఆడర్లీ అసలు వాయించలేదు. ఆ నెమ్మదైన బాణీ ఆయన వాద్యం లేకుండానే నిండుగా ఉంది. 'ఫ్లమెంకో స్కెచెస్'లో ఐదు స్వరవరుసలు ఉన్నాయి. ఒక్కో వరుసలో ఎంతసేపు ఉండాలో ముందుగా నిర్ణయం లేదు. సోలో వాయించేవారు తాము చెప్పదలచింది అయిపోయాక తరువాతి వరుసకు కదులుతారు. కదిలిన వెంటనే పియానో, బేస్ కూడా కదలాలి. లెక్క పెట్టుకుంటే సరిపోదు, వింటూ ఉండాలి. ఒద్దికకు ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు.

ఈ బృందంలో ఎవాన్స్ ఒక్కరే తెల్లజాతివారు. 1958లో కొన్ని నెలలు ఆయన మైల్స్ బృందంలో పనిచేసినప్పుడు, నల్లవారికి దక్కవలసిన చోటు తెల్లవాడికి ఎందుకిచ్చావని కొందరు మైల్స్‌ను నిలదీశారు. ఆ మాటను తేలికగా కొట్టివేయలేం. అవకాశాలన్నీ తెల్లవారివైపే ఉన్న దేశంలో ఆ కోపానికి కారణం ఉంది. కాని మైల్స్ తనకు కావలసిన ధ్వని ఎవరి చేతిలో ఉందో చూసి ఎంచుకున్నారు. ఎవాన్స్ బృందం వదిలి వెళ్లాక కూడా ఈ రికార్డు కోసం తిరిగి పిలిచారు.

రికార్డు 1959 ఆగస్టు 17న విడుదలైంది. వారం తిరగగానే, ఆగస్టు 25 రాత్రి, న్యూయార్క్‌లోని బర్డ్‌లాండ్ క్లబ్బు బయట మైల్స్ విరామంలో నిలబడి ఉన్నారు. అక్కడి నుంచి కదలమని ఒక పోలీసు అన్నాడు. తాను ఇక్కడే వాయిస్తున్నానని మైల్స్ బోర్డు మీద ఉన్న తన పేరు చూపించారు. అయినా ఆయన తల పగిలేలా కొట్టి అరెస్టు చేశారు. తర్వాత కేసు నిలబడలేదు. 50 ఏళ్లు గడిచాక, 2009 డిసెంబరులో, అదే రికార్డును గౌరవిస్తూ అమెరికా ప్రతినిధుల సభ తీర్మానం చేసింది. లోపల వేదిక మీద చప్పట్లు కొట్టిన సమాజమే గడప బయట ఆయనను మనిషిగా చూడలేదు. ప్రతిభ ఒక్కటే గౌరవం తెచ్చిపెడుతుందని మనకు తరచు చెబుతారు. ఆ మాటలో సగమే నిజమని మైల్స్ నెత్తి మీద పడిన కుట్లు చెబుతున్నాయి.

బిల్ ఎవాన్స్ ట్రియో

1961 జూన్ 25 ఆదివారం నాడు న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో ఎవాన్స్ తన ట్రియోతో వాయించారు. బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు ఐదు విడతలు రికార్డు చేశారు. జాగ్రత్తగా వింటే గ్లాసుల చప్పుడు, జనం మాటలు కూడా వినిపిస్తాయి.

అప్పటివరకు పియానో ట్రియో అంటే పియానో యజమాని, మిగిలిన ఇద్దరూ సేవకులు అన్నట్లు ఉండేది. ఇక్కడ అలా కాదు. లఫారో బేస్ కేవలం అడుగులు వేయదు, పియానోతో సంభాషిస్తుంది. ఒక్కోసారి ఎదురు ప్రశ్న వేస్తుంది. మోషన్ కొన్నిచోట్ల తాళాన్ని పైకి చెప్పకుండా సూచన మాత్రమే ఇస్తారు. ముగ్గురి మనసులో తాళం గట్టిగా ఉన్నందువల్లనే ఇది సాధ్యమైంది. ఆ తర్వాత 11 రోజులకు, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో మరణించారు. వయసు 25. ఎవాన్స్ కొన్ని నెలలు జనం ముందు వాయించలేకపోయారు. వేరే మంచి బేస్ వాద్యకారులు దొరకరని కాదు. ఆ సంభాషణ ఆ ముగ్గురిది.

జాన్ కోల్ట్రేన్ క్వార్టెట్

కోల్ట్రేన్ జీవితం విద్యార్థులు తప్పక తెలుసుకోవలసింది. మత్తుమందు అలవాటు వల్ల 1957లో మైల్స్ ఆయనను బృందం నుంచి తీసివేశారు. అదే సంవత్సరం ఆయన ఆ అలవాటును వదిలించుకున్నారు. థెలోనియస్ మంక్ అనే గొప్ప పియానిస్టు బృందంలో చేరి నెలల తరబడి నేర్చుకున్నారు. మరుసటి ఏడాది మైల్స్ ఆయనను మళ్లీ పిలిచారు. ఆ తర్వాత కోల్ట్రేన్ సొంత బృందం కట్టారు. పియానో మెకాయ్ టైనర్, బేస్ జిమ్మీ గారిసన్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. కోల్ట్రేన్‌కు మన సంగీతం మీద ఎంతో గౌరవం ఉండేది. 'ఇండియా' పేరుతో ఒక బాణీ కట్టారు. 1965లో పుట్టిన కొడుక్కి పండిట్ రవిశంకర్ పేరు మీదుగా రవి అని పేరు పెట్టారు.

1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివారి చర్చిపై జాత్యహంకారులు బాంబు పెట్టారు. నలుగురు బాలికలు చనిపోయారు. ముగ్గురికి 14 ఏళ్లు, ఒకరికి 11 ఏళ్లు. రెండు నెలల తర్వాత, నవంబరు 18న, ఈ బృందం 'అలబామా' అనే బాణీని రికార్డు చేసింది. అందులో మాటలు లేవు. శాక్సోఫోన్ మెల్లగా, ఏడుపు ఆపుకుని మాట్లాడినట్లు సాగుతుంది. ఎల్విన్ జోన్స్ ఎంతో బలంగా వాయించగలవారు. ఇక్కడ మొదట్లో ఆ బలాన్ని బిగపట్టి ఉంచుతారు. దుఃఖంలో ఉన్నవారి పక్కన ఎలా కూర్చోవాలో ఆ డ్రమ్స్ వింటే తెలుస్తుంది.

1964 డిసెంబరు 9న ఇదే నలుగురూ న్యూజెర్సీలో 'ఎ లవ్ సుప్రీమ్' రికార్డు చేశారు. నాలుగు భాగాలు, 33 నిమిషాలు, ఒక్కరోజు పని. గారిసన్ బేస్ మీద నాలుగు స్వరాల చిన్న పదబంధంతో ఇది కదులుతుంది. కోల్ట్రేన్ దానినే పట్టుకుని రకరకాల శ్రుతుల్లో తిప్పుతారు. చివరి భాగంలో తాను రాసుకున్న ప్రార్థనలోని మాటలను పలకకుండా శాక్సోఫోన్‌తో అక్షరం అక్షరం చదువుతారు. నాలుగు స్వరాలే చాలు, నలుగురు నమ్మకంతో నిలబడితే అది పెద్ద కట్టడమవుతుందని ఈ రికార్డు నిరూపించింది.

ఎలా వినాలి?

మొదటిసారి వింటే ఈ సంగీతం గందరగోళంగా ఉండవచ్చు. మేము కలిసి వినేటప్పుడు పాటించిన పద్ధతిని కింద ఇస్తున్నాం.

1. 'సో వాట్' ఒక్కదానితో మొదలుపెట్టండి. ఒకే బాణీని నాలుగైదుసార్లు వినండి.

2. మొదటిసారి బేస్ మాత్రమే వినండి. ఫోన్ స్పీకరులో బేస్ సరిగా వినిపించదు. ఇయర్‌ఫోన్లు లేదా కంప్యూటర్ గదిలోని స్పీకర్లు వాడండి.

3. రెండవసారి డ్రమ్స్, మూడవసారి పియానో మీద మనసు పెట్టండి. సోలో వాయించేవారు మారినప్పుడు వెనుక ఏం మారిందో గమనించండి. మైల్స్ సోలో మొదలయ్యే చోట కాబ్ కొట్టిన తాళపు మోత ఎంతసేపు నిలుస్తుందో చూడండి.

4. చివరిగా అన్నీ కలిపి వినండి. ఎవరు ఎప్పుడు ఊరుకున్నారో రాసుకోండి. వాయించినది అందరూ వింటారు, ఊరుకున్నది వినడమే అభ్యాసం.

మనం నేర్చుకోవలసింది

మొదట వేసిన ప్రశ్నకు తిరిగి వద్దాం. ఒకడు పైకి రావాలంటే పక్కవాడు తగ్గాలా? కైండ్ ఆఫ్ బ్లూలో మైల్స్ పక్కన కోల్ట్రేన్, ఆడర్లీ ఉన్నారు. ముగ్గురూ తమ తరంలో మేటివారు. ఒకరి సోలోకు మరొకరి సోలో అడ్డు రాలేదు, పైగా వెలుగునిచ్చింది. ఆ తర్వాత ముగ్గురూ ఎవరి బృందం వారు నడిపారు. బృందం వారిని తొక్కలేదు, పెంచింది.

అయితే ఒద్దిక అంటే తలవంచడం కాదు. బలవంతుడి పాటకు మిగిలినవారు తాళం వేస్తూ ఉండిపోతే అది ఒద్దిక అనిపించుకోదు. లఫారో బేస్ ఎదురు ప్రశ్న వేసింది. లిల్ హార్డిన్ భర్తకు ఎదురు చెప్పింది. ప్రతివారి సోలోకు వంతు రావాలి, ఆ వంతు వచ్చినప్పుడు మిగిలినవారు నిజంగా వినాలి. మన స్టడీ అవర్‌లో లెక్కలు బాగా వచ్చినవాడు రానివాడి పక్కన కూర్చుంటే, వెనుక బెంచీ పిల్లవాడు మొదటిసారి లేచి మాట్లాడేటప్పుడు ఎవరూ నవ్వకుండా ఉంటే, మన గదిలోనూ ఒక మంచి క్వింటెట్ ఉన్నట్లే.

బయటి సమాజం ఆ వాద్యకారులను వేరుగా ఉంచింది. వారు గది లోపల కలిసి వాయించి, మనుషులు ఎలా కలిసి ఉండవచ్చో చూపించారు. గడప బయట న్యాయం కోసం పోరాటం వేరే జరగవలసి వచ్చింది, జరిగింది. రెండూ అవసరమేనని ఈ చరిత్ర మనకు చెబుతోంది.

ఆలోచించండి – చర్చించండి

1. 'బ్లూ ఇన్ గ్రీన్'లో ఆడర్లీ వాయించకపోవడం కూడా బృందానికి చేసిన సాయమేనా? మీ అభిప్రాయం చెప్పండి.

2. ఎవాన్స్‌ను తీసుకున్నందుకు మైల్స్‌ను నిలదీసినవారి వాదన, మైల్స్ నిర్ణయం – రెండింటినీ న్యాయంగా వివరించండి.

3. మాటలు లేని 'అలబామా' బాణీ ఏమి చెబుతోందని మీకు అనిపించింది? విని ఐదు వాక్యాలు రాయండి.

4. మీ గదిలో ఇప్పటివరకు సోలో వంతు రానివారు ఎవరు? వారికి ఆ వంతు ఎలా ఇస్తారు?